యజమాని గైర్హాజరు

బుధవారం, మధ్యాహ్నం పన్నెండూ పది. స్టేషన్‌లో కిటికీ పక్క బల్ల. చెప్పింది నేను, రాసింది రైటరు గారు, ఎదురుగా కూర్చున్నది ఇన్‌స్పెక్టరు గారు.

నా వయసు అరవై ఏడు. సర్వే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. చైన్‌మన్ అంటే భూమి కొలిచేటప్పుడు గొలుసు లాగేవాడు. గొలుసు పొడవు అరవై ఆరు అడుగులు, దానికి వంద లింకులుంటాయి. ఒక్క లింకు కూడా అటూ ఇటూ పోనివ్వనని ఆఫీసులో అందరూ నన్ను లింకు అనేవారు. అసలు పేరు పై కాగితంలో రాశారు కానీ, ఆ పేరుతో పిలిస్తే నేను వెనక్కి తిరిగి చూడను. మా ఆవిడ ఇంటి దగ్గరే మొక్కలు పెంచి అమ్ముతుంది.

ఈ రోజు ఉదయం తొమ్మిదీ ఇరవై నుంచి పదకొండూ ఐదు దాకా పెద్ద రోడ్డు మీద బండ్లు ఆగిపోవడానికి కారణం నేనే. రోడ్డు తవ్వింది నేనే. నడిమధ్యలో హద్దురాళ్లు పాతింది నేనే. ఇవి ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. "అంతేగా, సంతకం పెట్టి వెళ్లు పెద్దాయనా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. అంతే కాదు. ఎందుకు పాతానో కూడా రాయాలి. అది రాయకపోతే నేను సంతకం పెట్టను.

చెప్పడం మొదలుపెట్టే ముందు రైటరు గారిని ఒకటి అడిగాను. నేనొక మాట చెబితే ఆయన దాన్ని పైకి తిరిగి చెప్పి, ఆ తర్వాతే రాయాలి. మా పనిలో పద్ధతి అది. నేను గొలుసు ముందు కొస పట్టుకుని అంకె అరుస్తాను. సర్వేయరు అదే అంకె తిరిగి అరిచి పుస్తకంలో రాస్తాడు. తిరిగి అరవనిది రాయకూడదు. రైటరు గారు ఇన్‌స్పెక్టరు గారి మొహం చూశారు. "కానీయండి, లేకపోతే సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాడు" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నిజంగానే కూర్చునేవాణ్ణి.

మాది అర ఎకరం. రోడ్డు వైపు పొడవు రెండు వందల పద్నాలుగు లింకులు, లోపలికి రెండు వందల ముప్పై నాలుగు. వెనక సగంలో ఇల్లు. ముందు సగంలో మొక్కల మళ్లు, ఒక బావి. ఆ బావి కూలివాళ్లు తవ్వింది కాదు. రెండు ఎండాకాలాలు నేను లోపల తవ్వితే మా ఆవిడ పైనుంచి తట్ట లాగింది. నీళ్లు పడిన రోజు ఆవిడ చేతుల మీద తాడు ఒరుసుకుపోయి తోలు లేచిపోయింది. ఆ చేతులతోనే మొదటి చెంబు నీళ్లు తోడి నా నెత్తిన పోసింది.

పందొమ్మిదేళ్ల కిందట ఆ రోడ్డు వెడల్పు చేయాలన్నారు. అప్పటికది రెండు బండ్లు ఎదురైతే ఒకటి పక్కకి దిగాల్సిన దారి. కొలతలకి మా ఆఫీసునే వేశారు. సర్వేయరు గారి దగ్గర అప్పటికే పదమూడేళ్లుగా పని చేస్తున్నాను. ఆయన సంగతి కొంచెం చెప్పాలి. ఎండలో ఒకే గొడుగు కింద ఇద్దరం అన్నం తినేవాళ్లం. ఆయన కూర నచ్చకపోతే నా గిన్నె లాక్కునేవారు. ఒకసారి బడి ఆటస్థలం కొలతలో ఆయన కునుకు తీస్తూ తప్పు అంకె రాశారు. పైవాళ్లు వచ్చి అడిగితే, నేనే తప్పు అరిచానని చెప్పాను. నా ఇంక్రిమెంటు ఒక ఏడాది ఆపేశారు. ఆ సాయంత్రం ఆయన నా భుజం మీద చెయ్యేసి, "లింకూ, ఇది నేను మర్చిపోను" అన్నారు. నేనూ మర్చిపోలేదు.

మా భూమి కొలిచే రోజు గురువారం. మా ఆఫీసులో అందరికీ తెలిసిన విషయం ఒకటుంది. తన భూమి కొలిచే రోజున చైన్‌మన్ సెలవు పెట్టాలి. సెలవు పెట్టి, యజమానిగా గట్టు మీద నిలబడాలి, యజమాని గడిలో సంతకం పెట్టాలి. నాకూ తెలుసు. ముందు రోజు సాయంత్రం సెలవు చీటీ రాసి జేబులో కూడా పెట్టుకున్నాను. కానీ నా బదులు వచ్చేవాడు గొలుసు వదులుగా లాగే రకం. వాడు కొలిస్తే ప్రతి గొలుసుకీ రెండు మూడు లింకులు తేడా వస్తుంది. నా నేల వాడి చేతికిస్తానా అనిపించింది. చీటీ ఇవ్వలేదు. తప్పు అక్కడ మొదలైంది, అది నాది. దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దను.

ఉదయం ఎనిమిదీ నలభైకి మొదలుపెట్టాం. గొలుసు ముందు కొస నా చేతిలో ఉంది. వెనక కొస సర్వేయరు గారే పట్టుకున్నారు, ఆ రోజు మనుషులు తక్కువ. రోడ్డు వైపు పొడవు లాగి నేను "రెండు వందల పద్నాలుగు" అని అరిచాను. "రెండు వందల పద్నాలుగు" అని ఆయన తిరిగి అరిచి రాశారు. లోపలికి రోడ్డుకు పోయేది "తొంభై" అని అరిచాను. "తొంభై" అన్నారు. ఆ తొంభైలో బావి ఉంది. ఆ అంకె అరిచేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది. ఆయన, "గట్టిగా చెప్పు లింకూ" అన్నారు. మళ్లీ గట్టిగా చెప్పాను.

అంతా అయ్యాక పుస్తకం నా ముందు పెట్టారు. చైన్‌మన్ గడిలో సంతకం పెట్టాను, రోజూ పెట్టే చోటే. యజమాని గడి ఖాళీగా ఉంది. "అదీ పెట్టమంటారా" అని అడిగాను. "ఒకే మనిషి రెండు గడుల్లో ఉంటే కొలత చెల్లదంటారు. అది నేను ఆఫీసులో సర్దుతాను, నువ్వు కంగారు పడకు" అన్నారు. నేను కంగారు పడలేదు. గొలుసు చుట్టి భుజాన వేసుకున్నాను.

రోడ్డు వైపు హద్దుకి మూడు రాళ్లుండేవి, రెండు మూలలకి రెండు, మధ్యలో ఒకటి. రోలరు కింద పడితే పగిలిపోతాయి, పరిహారం తేలాక మిగిలిన నేలకి మళ్లీ పాతుదాం, తీసి దాచిపెట్టమన్నారు సర్వేయరు గారు. నా చేత్తో నేనే గునపం వేసి తీశాను. దొడ్లో పెట్టాను. పందొమ్మిదేళ్లలో మధ్య రాయి మీద మా ఆవిడ బట్టలు ఉతికి ఉతికి దాని ఒక వైపు నున్నగా అయిపోయింది.

మూడో వారంలో బావి పూడ్చారు. ఏడు బండ్ల కంకర పట్టింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి బండ్లు లెక్కపెట్టింది. అయ్యాక ఒకే మాట అడిగింది: "ఏమయ్యా, కాగితం ఏమన్నా ఇచ్చారా?" సర్వేయరు గారు చూస్తున్నారులే అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ రెండు వీధుల అవతల కుళాయి నుంచి నీళ్లు మోస్తోంది. పొద్దున ఇరవై బిందెలు, సాయంత్రం ఇరవై. ఇప్పుడావిడకి అరవై రెండు. పోయిన ఏడాది నుంచి మెడ కుడి వైపు తిరగడం లేదు. పరిహారం వస్తే మిగిలిన నేలలో ఇంకో బావి తవ్వించాలన్నదే మా ఇద్దరి ఆశ. మాకు మేడలూ మిద్దెలూ అక్కర్లేదు.

"మరి ఇన్నేళ్లు అర్జీ ఎందుకు పెట్టలేదు" అని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. అందరూ అదే అడుగుతారు. ఉద్యోగంలో ఉంటూ సొంత ఆఫీసు మీద అర్జీ పెడితే ఉద్యోగానికే ఎసరు, నేను చూస్తున్నానుగా అన్నారు సర్వేయరు గారు. ఏటా అడిగాను. ఏటా "నేను చూస్తున్నానుగా" అన్నారు. పన్నెండేళ్లు చూశారు. రిటైరయిన వారంలోనే అర్జీ పెట్టాను. అందిన తేదీ ముద్ర నా దగ్గరుంది.

తర్వాత ఆరేళ్లు చెప్పులరిగేలా తిరిగాను. భూసేకరణ జరిగినట్టు ఫైలే లేదన్నాడు మా సర్వే ఆఫీసు గుమాస్తా. సేకరించని భూమికి పరిహారం ఏమిటన్నాడు. మరి రోడ్డు దేని మీద ఉంది బాబూ అంటే, అది రోడ్ల వాళ్లని అడగమన్నాడు. రోడ్ల వాళ్లు, సర్వే ఆఫీసు అప్పగించిన నేల మీద వేశాం, వాళ్లనే అడుగు అన్నారు. రెండు ఆఫీసులకీ మధ్య దూరం నాలుగు వందల అడుగులు. తిరిగి తిరిగి ఆ కొలత కూడా నాకు నోటికొచ్చింది. గుమాస్తా నన్ను చూడగానే బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగేవాడు. నేను నిలబడే ఉండేవాణ్ణి. ఎంతసేపని వంగుతాడు.

చివరికి పోయిన ఏడాది, ఫైలు లేదు కానీ కొలత పుస్తకం ఉందని తీసి చూపించారు. నా సంతకం చైన్‌మన్ గడిలో అలాగే ఉంది. దాని పైన యజమాని గడి ఉంది. అందులో సర్వేయరు గారి చేతిరాత. "యజమాని గైర్హాజరు."

ఒకటికి మూడు సార్లు చదివాను. గొలుసు ముందు కొస నా చేతిలో ఉంది. అంకె అరిచింది నేను. గట్టిగా చెప్పమంటే గట్టిగా చెప్పింది నేను. గొలుసు రెండో కొస పట్టుకుని నన్ను చూసి కూడా, నేను లేనని రాశారు. గుమాస్తా మంచినీళ్లు ఇచ్చాడు. ఆరేళ్లలో అతను నాకిచ్చింది అదొక్కటే.

ఆ సాయంత్రం ఐదింటికి సర్వేయరు గారింటికి వెళ్లాను. అప్పటికి ఆయనా రిటైరయ్యారు. వసారాలో, కుట్టించుకొచ్చిన చెప్పులకి వేలాడే దారం కత్తిరిస్తున్నారు. అడిగాను. మొదట నీళ్లు నమిలారు. తర్వాత చెప్పారు. "రోడ్డు రెండు నెలల్లో అయిపోవాలని పైనుంచి ఒత్తిడి లింకూ. యజమానులు వచ్చారని రాస్తే నోటీసులు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, ఏడాది పడుతుంది. రాలేదని రాస్తే గోడకి ఒక కాగితం అంటించి పని మొదలుపెట్టొచ్చు. అందరికీ అలాగే రాశాను."

"నాక్కూడానా" అన్నాను.

"నువ్వు మనవాడివి. నువ్వేమీ అనవనుకున్నాను" అన్నారు.

అయ్యా, ఈ మాట మాత్రం ఉన్నదున్నట్టు రాయండి. పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. ఈయన నన్ను బాగా ఎరిగే చేశాడు. నా మంచితనాన్నే కొలిచి, అది ఎంత దాకా సాగుతుందో లెక్కేసుకుని చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు పారేసుకోలేదు. నా అర్జీ మీద విచారణకొచ్చి ఇదే మాట చెబుతారా అన్నాను. "తప్పకుండా వస్తాను, ఆ మాత్రం చేయనా" అన్నారు. నమ్మాను. రెండోసారి కూడా నమ్మాను.

విచారణ నెల కిందట, మంగళవారం పదకొండు గంటలకి, పరిహారాల అధికారి గదిలో. సర్వేయరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నన్ను చూసి తల ఊపారు. కొలిచిన రోజున ఈయన అక్కడ ఉన్నారా అని అధికారి అడిగారు. సర్వేయరు గారు కిటికీ వైపు చూశారు. "చాలా ఏళ్లయింది సార్, గుర్తు లేదు. పుస్తకంలో ఏది ఉంటే అదే" అన్నారు. పింఛనుకి ఏమన్నా ముప్పు వస్తుందని భయం. అది నాకు తర్వాత తెలిసింది.

నేను లేచి నిలబడ్డాను. నోటికి ఒక్కటే వచ్చింది. పొలంలో అరిచినట్టు అరిచాను.

"రెండు వందల పద్నాలుగు."

"రెండు వందల పద్నాలుగు" అన్నారు సర్వేయరు గారు.

తల తిప్పలేదు. కుడిచెయ్యి జేబులో పెన్ను మీదకి దానంతటదే వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేనప్పుడు, అయిపోయింది, ఇంకేం కావాలి అనుకున్నాను. పాతికేళ్లు ఆయన నా గొంతుకు బదులు పలికాడు, ఆ రోజూ పలికాడు. నేనక్కడ లేకపోతే ఎవరి గొంతుకు పలికినట్టు?

అధికారి, విచారణలో అరవకూడదని నన్ను మందలించారు. ఇది సాక్ష్యం కిందకి రాదన్నారు. చైన్‌మన్ గడిలో సంతకం ఉద్యోగిది, యజమానిది కాదన్నారు. రాసుకునే అమ్మాయి పెన్ను ఎత్తి పట్టుకుని కూర్చుంది, అధికారి వద్దన్నట్టు చెయ్యి ఊపారు. రాయలేదు.

మొన్న సోమవారం ఉత్తర్వు వచ్చింది. కొలిచిన రోజు యజమాని గైర్హాజరు. పన్నెండేళ్లు అభ్యంతరం చెప్పలేదు. కాబట్టి భూమిని ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు భావిస్తున్నాం. అర్జీ ఆలస్యమైంది. కొట్టివేశాం. ఇదీ దాని సారాంశం. నేను అక్కడ లేనట, కానీ నాకు ఇష్టమేనట. మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ బిందె కింద పెట్టింది. "అయితే నేను ఇంకెన్నాళ్లు మొయ్యాలి" అంది. నేను అటక మీంచి గొలుసు దించాను.

నిన్నంతా గొలుసు తుడిచాను. అది ఆఫీసు పాత ఇనుము వేలంలో నేను కొనుక్కున్నది, రసీదు ఉంది. ఈ రోజు పొద్దున తోపుడుబండి మీద మూడు రాళ్లూ పెట్టాను. మా ఆవిడ బట్టలు ఉతికే రాయి కూడా ఇచ్చేసింది. వెనక హద్దురాళ్లు రెండూ ఇంకా చోటు కదలలేదు. అక్కడి నుంచి గొలుసు గొలుసుకీ ఆవిడ వెనక కొస తొక్కి పట్టుకుంటూ వచ్చింది, నేను ముందుకు లాగాను. రెండు వందల ముప్పై నాలుగు అని అరిచాను. నేను చెప్పకుండానే ఆవిడ "రెండు వందల ముప్పై నాలుగు" అని తిరిగి అరిచింది. ముప్పై ఒక్క ఏళ్లు ఇంట్లో నా సోది వింది కదా. ఆ అంకె సరిగ్గా రోడ్డు నడిమధ్యలో పడింది. సున్నం గీత గీసి గునపం వేశాను. నాలుగు పోట్లకే దిగిపోయింది. ఆ రోడ్డు ఎలా వేశారన్నది వేరే కేసు, ఇందులో రాయక్కర్లేదు.

ఒక బస్సు డ్రైవరు దిగి, "పెద్దాయనా, ఏంటిది" అన్నాడు. "హద్దు" అన్నాను. "రోడ్డుకి హద్దు పక్కన ఉండాలి కదా" అన్నాడు. "ఇది రోడ్డుది కాదు, నాది" అన్నాను. అతను తల గోక్కుని బస్సు ఇంజను ఆపేశాడు. రెండు రాళ్లు పాతి మూడోది నిలబెడుతుంటే మీ జీపు వచ్చింది. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. మీ కానిస్టేబులు రాయి పీకబోతే మాత్రం, కొలత చెడిపోతుంది బాబూ, ముందు పుస్తకంలో ఎక్కించు అన్నాను. అతను ఫోటో తీశాడు. అది ఈ కాగితానికి జత చేయాలని కోరుతున్నాను.

ఇక చెప్పేదేమీ లేదు. రైటరు గారు అచ్చు ఫారం నా వైపు తిప్పారు. కింద గడులున్నాయి. ఒక గడిలో "ముద్దాయి: హాజరు / గైర్హాజరు" అని ఉంది. రైటరు గారు రోజూ చేసే పనే కాబట్టి, చూడకుండానే గైర్హాజరు కొట్టేసి హాజరు చుట్టూ సున్నా చుట్టారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అది పైకి చదవమన్నాను. "హాజరు" అన్నారు. మళ్లీ చదవమన్నాను. రైటరు గారు మళ్లీ చదివారు.

ఆ నేల గురించి రాసిన కాగితంలో నేను హాజరని పడడం ఇదే మొదటిసారి. దానికి నేను ముద్దాయి కావాల్సి వచ్చింది.

గుమ్మం దగ్గర కూర్చున్న మా ఆవిడ లేచి వచ్చి తన పేరు కూడా రాయమంది. "నీ మీద కేసేమీ లేదమ్మా, ఇంటికి వెళ్లు" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "ఒక్కడే గొలుసు ఎలా పట్టుకుంటాడయ్యా? రెండో కొస ఎవరి చేతిలో ఉంది? నేను కూడా ఉన్నానని రాయండి" అంది. చెప్పి చూశారు. వినలేదు. మెడ తిరగదు కాబట్టి ఒళ్లంతా బల్ల వైపు తిప్పి నిలబడింది. చివరికి రెండో ముద్దాయిగా రాశారు.

పై మాటలన్నీ నేను పలికినవి, రైటరు గారు తిరిగి పలికాకే కాగితం మీదకి ఎక్కినవి. నేను లేని చోటు సంగతి ఇందులో ఒక్కటీ లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు. గడి చూసుకునే సంతకం పెడుతున్నాను.

సంతకం: మొదటి ముద్దాయి. హాజరు. గొలుసు ముందు కొస.

ఎడమ బొటనవేలి ముద్ర: రెండో ముద్దాయి, మొదటి ముద్దాయి భార్య. హాజరు. గొలుసు వెనక కొస.